సాంబమసూరికి పరీక్ష తప్పించొద్దు

తెలుగువారికి సన్నబియ్యమంటే మొదట గుర్తొచ్చేది సాంబమసూరి. 1986లో బాపట్ల నుంచి విడుదలైన ఈ బీపీటీ 5204 వంగడంలోనే హైదరాబాద్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ జన్యు సవరణ చేసి ‘కమల’ను తయారు చేసింది. మార్టేరులో పుట్టిన కాటన్‌దొర సన్నాలు, అదే ఎంటీయూ 1010, ఢిల్లీలో ‘పూసా డీఎస్‌టీ రైస్ 1’ అయింది. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ఈ రెండింటినీ ప్రకటించారు. కమల 19 శాతం ఎక్కువ పండుతుందని, 20 రోజులు ముందే కోతకొస్తుందని చెప్పారు. పరీక్షల నివేదికలనే చూపి కొన్ని పౌరసంస్థలు ఆ మాటను ప్రశ్నించాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) వాటి ఆరోపణలను తోసిపుచ్చింది. తోసిపుచ్చితే సరిపోదు. పూర్తి వివరాలను రైతు ముందు పెట్టాలి.

అసలు లోపం అంతకుముందే ఉంది. వేరే జీవి జన్యువు చేర్చకుండా సవరించిన పంటలకు 1989 నాటి జీవభద్రతా నిబంధనల్లో 7 నుంచి 11 వరకు వర్తించవని 2022 మార్చి 30న కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. బయటి జన్యువు లేదని ప్రధానంగా నిర్ధారించేది వంగడాన్ని తయారు చేసిన సంస్థలోని సంఘమే. జన్యు మార్పిడికీ జన్యు సవరణకూ తేడా ఉన్నమాట నిజమే. అయినా జన్యువులో కోత అనుకున్న చోటే పడిందో, పక్కన కూడా పడిందో బయటివారు చూడాలి కదా! జన్యు మార్పిడి చేసిన బీటీ వంకాయ విషయంలో హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో ప్రజల మాట విన్నాకే 2010 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దాన్ని నిలిపివేశారు. రోజూ తినే వరికి ఆపాటి విచారణ కూడా అక్కర్లేదనడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

పర్యవేక్షణ లేకుంటే ఏమవుతుందో పత్తి రైతుకు చెప్పనక్కర్లేదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మొదట్లో కాయతొలుచు పురుగు తగ్గింది, మందుల ఖర్చూ తగ్గింది. అది కాదనలేం. అయితే విత్తనం ధర మాత్రం పెరిగి, 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటింది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లి పోరాడితేగానీ 750కి దిగలేదు. పురుగు నిరోధకత పెంచుకోకుండా చేను చుట్టూ బీటీ కాని పత్తి వేయాలన్నది నిబంధన. అందుకోసం ప్యాకెట్‌తోపాటు 120 గ్రాముల విత్తనం విడిగా ఇచ్చారు. దాన్ని వేసిన రైతులు తక్కువ, వేశారో లేదో చూసిన అధికారులు ఇంకా తక్కువ. 2010 నాటికే గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి తరం బీటీకి లొంగడం లేదని దాన్ని తెచ్చిన కంపెనీయే ఒప్పుకుంది. తర్వాత రెండో తరం బీటీ కూడా ఆ పురుగును ఆపలేకపోయింది. ఇక గడ్డిమందును తట్టుకునే బీజీ-3 విత్తనానికి అనుమతే లేదు. అయినా మన పల్లెల్లో దొంగచాటుగా అమ్ముడవుతోంది. మొలకెత్తకపోతే రైతు ఎవరిని అడగాలి? బిల్లే ఉండదు.

జన్యు సవరణ తప్ప గతి లేదనడమూ నిజం కాదు. ఇదే సాంబమసూరికి ఎండాకు తెగులును తట్టుకునే శక్తిని హైదరాబాద్‌లోని పరిశోధన కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి జన్యు గుర్తుల సాయంతో సంకరం చేసి తెచ్చాయి. జన్యు మార్పిడి లేకుండా వచ్చిన ఆ మెరుగైన సాంబమసూరి 2008లోనే విడుదలైంది. అలాంటి పరిశోధనకు నిధులు పెంచాలి.

జన్యు మార్పిడి పంటలపై జాతీయ విధానం తేవాలని, నాలుగు నెలల్లో అయితే మంచిదని 2024 జులైలో జన్యు మార్పిడి ఆవాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గడువు ఎప్పుడో దాటింది. పార్లమెంటు చేసే చట్టంతో స్వతంత్ర నియంత్రణ సంస్థ రావాలి. పంట పోతే పరిహారం ఎవరు కట్టాలో అందులోనే రాయాలి. సవరణ సాధనంపై పేటెంట్లు ఎవరివో, రైతు విత్తనం దాచుకోవచ్చో లేదో తేల్చాలి. ఇవన్నీ జరిగేదాకా కమలను, డీఎస్‌టీ 1ను విత్తన దుకాణాలకు పంపకూడదు. ఈ రెండు వంగడాల మూలాలు తెలుగు నేలవి. కాబట్టి రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు ఈ మాటను కేంద్రానికి రాతపూర్వకంగా, ఇప్పుడే చెప్పాలి.