విదేశీ చదువులో సబ్జెక్టు ఎంపిక: పేరు చూసి మోసపోవద్దు

2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ కొత్త హెచ్-1బీ వీసాలపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, హోసూరు మొదలు బరంపురం దాకా మన కుటుంబాల్లో ఒకటే చర్చ: పిల్లల్ని పంపాలా, వద్దా? అక్కడే చదువుతూ విద్యార్థి వీసా నుంచి ఉద్యోగ వీసాకు మారేవారికి ఈ రుసుము వర్తించదని అక్టోబరులో అక్కడి అధికారులు వివరణ ఇచ్చారు. ఆ మాట మాత్రం మనలో చాలామందికి చేరలేదు. పంపాలా వద్దా అన్నదానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఏ సబ్జెక్టుకు పంపుతున్నాం?

అమెరికాలో చదువు పూర్తయ్యాక చదివిన సబ్జెక్టుకు సంబంధించిన ఉద్యోగం 12 నెలలు చేసుకోవచ్చు. దీన్నే ఓపీటీ అంటారు. స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం జాబితాలో ఆ సబ్జెక్టు ఉంటే మరో 24 నెలలు దొరుకుతాయి. మొత్తం మూడేళ్లు. ఆ జాబితాలో ఉందో లేదో చెప్పేది కోర్సు పేరు కాదు, దానికి ఇచ్చిన ఆరంకెల సీఐపీ కోడు. విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రంలోనే అది అచ్చయి ఉంటుంది.

అర్థశాస్త్రం సంగతి చూడండి. సాధారణ అర్థశాస్త్రం కోడు 45.0601. ఇది స్టెమ్ కాదు. ఎకనామెట్రిక్స్, పరిమాణాత్మక అర్థశాస్త్రం కోడు 45.0603. ఇది స్టెమ్. యేల్ వంటి పెద్ద విశ్వవిద్యాలయాలు కూడా తమ అర్థశాస్త్రం కోర్సును రెండో కోడుకు మార్చుకున్నాయి. రెండు విశ్వవిద్యాలయాల్లో కోర్సు పేరు ఒకటే అయినా ఒకచోట ఒక ఏడాది, ఇంకోచోట మూడేళ్లు రావచ్చు. ఎంబీఏలోనూ ఇదే తేడా ఉంది. కన్సల్టెంటు చూపించే రంగుల కరపత్రంలో ఈ అంకె కనిపించదు. అడ్వాన్సు కట్టకముందే విశ్వవిద్యాలయానికి ఈమెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.

అయితే కోడు ఉన్నంత మాత్రాన పని అయిపోదు. హెచ్-1బీ వీసాలు ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000. మూడేళ్ల గడువు ఉంటే ఆ ఎంపికలో ఒకసారికి బదులు మూడుసార్లు పేరు పెట్టుకునే వీలుంటుంది, అంతే. 2026 నుంచి ఎక్కువ వేతన స్థాయి ఉన్న దరఖాస్తులకు ఎక్కువ అవకాశం వచ్చేలా ఎంపిక పద్ధతినీ మార్చారు. అప్పుడే చదువు ముగించినవారికి ఇది కష్టమే. మరోవైపు, 2023-24లో అమెరికాలో ఉన్న 3,31,602 మంది భారతీయ విద్యార్థుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది చదివేది గణితం-కంప్యూటర్స్, ఇంజినీరింగే. అందరూ ఒకే వరుసలో నిలబడ్డారన్న మాట.

కెనడాలో ఇంకో చిక్కు. 2024 నవంబరు 1 తర్వాత స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసి, కళాశాలల్లో డిప్లొమా వంటి కోర్సులు చదివినవారికి, సబ్జెక్టు ప్రభుత్వ జాబితాలో ఉంటేనే వర్క్ పర్మిట్. డిగ్రీ, మాస్టర్స్ వారికి ఈ నిబంధన లేదు. 2025 వేసవిలో ఆ జాబితా నుంచి కొన్ని సబ్జెక్టులు తీసేశామన్నారు, కొద్ది రోజులకే తొలగింపును వాయిదా వేశారు. రెండేళ్ల కోర్సు మధ్యలోనే నిబంధనలు మారిపోతున్నాయి.

జర్మనీలో ఎక్కువ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు బ్యాంకు ఖాతాలో చూపించాలి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. కానీ మాస్టర్స్‌లో చాలా కోర్సులకు డిగ్రీలో అదే విషయం తగినన్ని క్రెడిట్లతో చదివి ఉండాలి. బీకాం చదివి డేటా సైన్స్‌కు పోతానంటే చాలాచోట్ల తలుపు తెరుచుకోదు.

ఇక ఇంటి లెక్క. 40 లక్షల అప్పు, 10.5 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుందాం. నెల వాయిదా దాదాపు 54 వేలు. చదివే కాలంలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. వీసా దొరక్క పిల్లవాడు తిరిగొస్తే, అదే సబ్జెక్టుతో బెంగళూరులోనో, చెన్నైలోనో, పుణేలోనో దొరికే జీతంలోంచి ఈ వాయిదా కట్టగలడా? నా దృష్టిలో సబ్జెక్టుకు అసలు పరీక్ష ఇదే. స్టెమ్ ముద్ర రేపు పోవచ్చు, వాయిదా మాత్రం పోదు.

తిరిగొచ్చాక ఆ పట్టా ఇక్కడ చెల్లాలి కూడా. వైద్యం చదివేవారికి 2021 నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల కోర్సు, 12 నెలల ఇంటర్న్‌షిప్, ఇంగ్లిషు మాధ్యమం తప్పనిసరి. ఆపైన ఇక్కడి పరీక్ష గట్టెక్కాలి. మిగతా డిగ్రీల సమానత్వానికి యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. వాటినీ ముందే చదువుకోవాలి.

సహాయం విషయంలో మన పరిస్థితి రెంటికీ చెడ్డ రేవడిలా కాకూడదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విదేశీ విద్యా పథకాలు ఆ రాష్ట్రాల స్థానికులకే. మాతృభాష తెలుగు అయినంత మాత్రాన మనకు రావు. మనం చూసుకోవాల్సింది మనం ఉంటున్న రాష్ట్రాన్నే. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కర్ణాటకలో ప్రబుద్ధ, తమిళనాడులో అన్నల్ అంబేద్కర్ పథకాలు, ఎస్సీ విద్యార్థులకు మహారాష్ట్రలో రాజర్షి శాహూ మహరాజ్ పథకం ఉన్నాయి. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకు వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. ఇక్కడా సబ్జెక్టు చూడాలి: 2022 నుంచి భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజంపై పరిశోధనకు ఇది ఇవ్వడం లేదు.

కాబట్టి తల్లిదండ్రులకు మా సంఘం తరఫున ఒకటే విన్నపం. పక్కింటి అబ్బాయి తీసుకున్న కోర్సు అని తీసుకోవద్దు. మన పిల్లకు ఏ పాఠం మీద పట్టుందో ముందు చూడండి. తర్వాత కోడు చూడండి, ఆ తర్వాత వాయిదా లెక్క వేయండి. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి, అమ్మాయినీ అబ్బాయినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాకే బ్యాంకులో సంతకం పెట్టండి.