గట్టు మీద మిగిలిన పొట్లం

పత్తి కాయ పగలగొట్టి చూసిన రైతు నోట తరచూ ఒక మాట వినిపిస్తుంది: ‘పురుగు మందుకు అలవాటు పడిపోయింది.’ పైకి కాయ పచ్చగా, నిండుగానే ఉంటుంది. లోపల దూది రంగు మారి, గింజ డొల్లయి, మధ్యలో గులాబీ పురుగు. ఆ మాటలో బాధ ఉంది, చాలావరకు నిజమూ ఉంది. ‘అలవాటు’ అన్న పదం దగ్గరే కాస్త ఆగాలి.

ఏ పురుగూ అలవాటు పడలేదు. పురుగును చంపే విషం తనలోనే ఉన్న బీటీ పత్తిని తిన్న పురుగు పేగుకు ఆ విషం పట్టుకుంది, పురుగు చచ్చిపోయింది. ఎక్కడో ఏ ఒకటీ అరా మాత్రం ఆ విషం పేగుకు పట్టని తీరులో పుట్టాయి. అలాంటివి బీటీ రాకముందూ పుట్టేవి, కానీ అప్పుడు ఆ తేడాతో వాటికి పనిలేదు. బీటీ వచ్చాక బతికినవి అవే, పిల్లల్ని పెట్టినవీ అవే. ఒక్క పంట కాలంలోనే గులాబీ పురుగుకు నాలుగైదు తరాలు తిరుగుతాయి. 1859లో డార్విన్ తన పుస్తకంలో వివరించిన ప్రకృతి వరణం ఇదే. మారింది పురుగు కాదు, పురుగుల మంద.

మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. 2006లో రెండు విషాలున్న రకం వచ్చింది. మొదటి విషాన్ని తట్టుకున్న గులాబీ పురుగులు 2008లోనే గుజరాత్‌లోని అమ్రేలి చేలల్లో దొరికాయి. రెండో రకం వచ్చి పదేళ్లు తిరిగేసరికి అదీ ఆ పురుగును ఆపలేకపోయింది.

ఇలా జరగవచ్చని శాస్త్రవేత్తలకు ముందే తెలుసు. అందుకే 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనాల పొట్లం ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. ఆ సాళ్లలో విషానికి లొంగే పురుగులు బతుకుతాయి, రెక్కలొచ్చి, తట్టుకునే ఆ కొద్దివాటితో జతకడతాయి. వాటికి పుట్టిన పిల్లలు చాలావరకు మళ్లీ విషానికి లొంగుతాయి. కొన్ని పురుగుల్ని మేపడమే పంటను కాపాడే దారి! ఈ మర్మం రైతు పక్కన కూర్చుని ఓపికగా చెప్పినవారెందరు? కౌలు, ఎరువు, వడ్డీ లెక్క చూసుకునే మనిషి పురుగు కోసం సాలు ఎలా వదులుతాడు? ఎన్నో పొట్లాలు విప్పకుండానే గట్టు మీద ఉండిపోయాయి. అది రైతు తప్పు అనడానికి మాకు నోరు రాదు.

పురుగుల మంద ఇలా మారడాన్నే పరిణామం అంటారు. ఎన్‌సీఈఆర్‌టీ 2023లో తెచ్చిన పదో తరగతి సైన్సు పుస్తకంలో ఆ పరిణామ పాఠం లేదు. పత్తి రైతు బిడ్డ తన చేలోనే కళ్లారా చూడగల పాఠం అది. తీసేశారన్న బాధ మమ్మల్ని వదలడం లేదు.

గట్టు మీద ఉండిపోయిన ఆ పొట్లం ఏం చేయగలిగేదో చైనాలో కనిపించింది. అక్కడి యాంగ్‌ట్సీ లోయలో రైతులు చౌకగా వస్తుందని సంకర బీటీ పత్తి రెండో తరం విత్తనం వేయసాగారు. ఆ విత్తనంలో దాదాపు నాలుగో వంతు మొక్కలకు బీటీ గుణం ఉండదు. ఎవరూ పొట్లం ఇవ్వకుండానే చేనంతా మామూలు మొక్కలు కలిసిపోయాయి. అంతవరకు ఏటా పెరుగుతూ వచ్చిన విషాన్ని తట్టుకునే పురుగుల వాటా, 2010 తర్వాత కొన్నేళ్లలోనే తగ్గిపోయింది.