విమానానికి ఒక గంట, ప్రయాణికునికి ఎన్ని గంటలు?

విజయవాడ నుండి విశాఖపట్నానికి ఆకాశమార్గాన దూరం సుమారు 290 కిలోమీటర్లు. విమానం ఎగిరే కాలం దాదాపు ఒక గంట. రైలుమార్గం 350 కిలోమీటర్లు. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌కు పట్టే కాలం ఆరు గంటల పైమాటే. ఈ అంకెలను పక్కపక్కన నిలిపి, ఇక రైలుకు కాలం చెల్లినదని తీర్పు చెప్పే పెద్దలున్నారు. రైల్వే, తపాలా కార్మికులమైన మనం ఈ లెక్కను ఒకసారి సరిచూడవలసి ఉన్నది.

ప్రయాణకాలమనగా గడప దాటినది మొదలు గమ్యం చేరే వరకు గడచిన కాలం. గన్నవరం విజయవాడకు సుమారు 20 కిలోమీటర్లు. గంటకు పైగా ముందే అక్కడ హాజరు కావాలి. విశాఖ కొరకు 2023 మేలో శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయమైతే నగరానికి 40 కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్నది. అక్కడ దిగి, సామాను అందుకొని, నగరం చేరే సరికి మొత్తం నాలుగున్నర గంటలకు తక్కువ కాదు. 2023 జనవరిలో ప్రారంభమైన వందే భారత్ రైలు ఇదే దూరాన్ని సుమారు నాలుగు గంటలలో ముగించి ఊరి నడుమ దించుతున్నది. స్టేషనుకు పోయి వచ్చే కాలం కలిపినా రెండింటికీ తేడా స్వల్పమే.

ఈ సత్యం తపాలా సోదరులకు కొత్త కాదు. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుండి నైనీకి తొలి విమాన టపా కొద్ది నిమిషాలలోనే చేరినది. అయినా ఆ ఉత్తరాలను సేకరించి, వేరుచేసి, ఇంటింటికీ అందించినవి మనుషుల చేతులే. ఆ చేతులు చాలకపోతే ఆకాశంలో ఆదా అయిన గంట కార్యాలయంలో సంచీలోనే హరించుకుపోతుంది.

చిన్న పట్టణాల విమానాలకై 2017 ఏప్రిల్‌లో 'ఉడాన్' సర్వీసులు మొదలైనవి. ఇతర విమానాలపై వేసిన సుంకం, రాష్ట్రాల వాటా కలిసిన నిధి నుండి సంస్థల లోటు పూడ్చుతారు. 2023లో కాగ్ నివేదిక ఏమన్నది? మూడవ దశ వరకు కేటాయించిన 774 మార్గాలలో 403 అసలు ప్రారంభమే కాలేదు. ప్రారంభమైన 371లో మూడేళ్ళ రాయితీ కాలం పూర్తిచేసినవి 112. ఆపై 2023 మార్చి నాటికి నిలిచినవి 54 మాత్రమే.

విమానానికి మనం విరోధులం కాము. దూరప్రయాణానికి, కొండ ప్రాంతాలకు, ప్రాణాపాయ సమయానికి దాని అవసరం కాదనలేనిది. అయితే వందే భారత్‌లోనూ జనరల్ పెట్టె లేదు. కూలీ, విద్యార్థి, చిరుద్యోగి నేటికీ ఆరు గంటల బండిలోనే నిలబడి ప్రయాణిస్తున్నారు. వారి గంటలకు విలువ లేదా?

మన కోరిక న్యాయమైనది. ఏ మార్గానికి రాయితీ ఇచ్చినా, ముందుగా ఇంటి నుండి ఇంటికి పట్టే కాలాన్ని లెక్కించి, అదే సొమ్ముతో రైలు ఎంతమందికి ఎన్ని గంటలు మిగల్చగలదో ప్రజల ముందుంచాలి. జనరల్ పెట్టెలు పెంచాలి. రైల్వే, తపాలా ఖాళీలు భర్తీ చేయాలి. కాలాన్ని కొలవవలసినది విమానపు రెక్కతో కాదు, సామాన్యుని గడపతో.