రూల్ కర్వ్ రైతుకూ తెలియాలి

జూన్ వస్తే సాగర్ ఆయకట్టులో, కుడి కాలువ కిందైనా ఎడమ కాలువ కిందైనా, ఒకటే ప్రశ్న: నీళ్లు ఎప్పుడు వదులుతారు? ఏటా వచ్చే జవాబూ ఒకటే: శ్రీశైలం నిండితే చూద్దాం. ఆ 'చూద్దాం'ను నమ్ముకుని నారు పోయాలా, మానాలా అన్నది దాదాపు 22 లక్షల ఎకరాల రైతులు ఎవరికి వారే తేల్చుకోవాలి. ముందే కౌలు కట్టేసినవాడికి ఆ తేల్చుకునే వీలు కూడా లేదు.

ఈ ప్రశ్నకు జవాబు ఒక కాగితం మీద ఉండాలి. దాన్నే ఇంజనీర్లు రూల్ కర్వ్ అంటారు. ఏ పది రోజుల్లో జలాశయంలో ఎంత మట్టం ఉండాలి, అంతకు మించి ఉంటే ఏం చేయాలి, తగ్గితే ఎవరికి ఎంత కోత పెట్టాలి అని ముందే రాసిపెట్టుకునే పట్టిక అది. గడిచిన సంవత్సరాల ప్రవాహాల లెక్కలను కంప్యూటర్‌కు ఇచ్చి, ఈ నిబంధన ప్రకారమే నడిపి ఉంటే ఏ ఏడాది ఏ కాలువ ఎండేది, ఏ ఏడాది గట్టెక్కేది అని పరీక్షించి దాన్ని తయారు చేస్తారు.

శ్రీశైలం, సాగర్‌ల రూల్ కర్వ్‌లు తేల్చడానికి కృష్ణా నదీ యాజమాన్య బోర్డు 2022లో రిజర్వాయర్ మేనేజ్‌మెంట్ కమిటీని వేసింది. అక్కడ రెండు రాష్ట్రాలూ ఒక మాట మీదకు రాలేదు. మరుసటి ఏడాది నవంబరు 30న ఏం జరిగిందో అందరమూ చూశాం. సాగర్ 26 గేట్లలో 13 గేట్ల దాకా ఆంధ్రప్రదేశ్ పోలీసులు స్వాధీనం చేసుకున్నారు, చివరికి కేంద్ర బలగాలు వచ్చి డ్యామ్ మీద కాపలా కాశాయి. పట్టిక ఉండాల్సిన చోట పోలీసులు నిలబడ్డారు.

అయితే ఎలాంటి రూల్ కర్వ్ అయినా సరే అని మనం అనలేం. కంప్యూటర్‌కు ఏ లెక్కలు ఇస్తే అది ఆ ఫలితమే చెబుతుంది. సాగర్ నిల్వ సామర్థ్యం మొదట 408 టీఎంసీలు, పూడిక పోను ఇప్పుడు 312. శ్రీశైలం 308 నుంచి 215కు పడిపోయింది. రెండింటిలో కలిపి పోయింది దాదాపు 190 టీఎంసీలు. బచావత్ ట్రిబ్యునల్ సాగర్ ఒక్కో కాలువకు లెక్కగట్టింది 132 టీఎంసీలు! ఆ ట్రిబ్యునల్ లెక్కలకు ఆధారం 1894 నుంచి 1972 వరకు 78 ఏళ్ల ప్రవాహాలు. ఎగువన ఆల్మట్టి నిండితే గానీ కిందికి చుక్క రాని ఈ రోజుల్లో ఆ పాత ధోరణినే నమ్ముకుంటే కాగితం మీద అందరికీ నీళ్లుంటాయి. 75 శాతం విశ్వసనీయత అంటేనే నాలుగేళ్లలో ఒక ఏడాది తప్పుతుందని ఒప్పుకోవడం. ఆ ఒక్క ఏడాది నష్టం ఎవరి పద్దులో పడుతుందో ఏ పట్టికా రాయదు.

విద్యుత్తు సంగతీ అంతే. శ్రీశైలం పుట్టిందే జలవిద్యుత్తు ప్రాజెక్టుగా, ఆ మాట దాచాల్సిన పని లేదు. అక్కడ టర్బైన్లు తిప్పిన నీరు సాగర్‌లోకే వస్తుంది, వృథా కాదు. చిక్కంతా ఏ నెలలో తిప్పారన్న దాంట్లో ఉంది. మట్టం 854 అడుగుల కిందికి దిగితే పోతిరెడ్డిపాడు నుంచి రాయలసీమకు నీరు తగ్గిపోతుంది. దిగువన సాగర్‌లో కూడా పంటల అవసరం చూడకుండా ఉత్పత్తి చేస్తే పులిచింతల నిండాక మిగిలేది సముద్రం పాలే.

వరద నెలల గురించి మాట్లాడకుండా నిల్వ గురించే మాట్లాడటమూ తగదు. దేశమంతా కరువు చూసిన 2009లోనే అక్టోబరు మొదట్లో శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. మట్టం 885 అడుగుల గరిష్ఠాన్ని దాటి 896కు చేరింది, కర్నూలు మునిగింది. సెప్టెంబరు, అక్టోబరుల్లో వరదకు ఎంత ఖాళీ ఉంచాలన్నది ఆ రోజు గేటు దగ్గరున్న ఇంజనీరు గుండె ధైర్యానికి వదిలేసే విషయం కాదు.

మాకు అన్నిటికన్నా ముఖ్యమైనది కోత పద్ధతి. నీరు తక్కువున్న ఏడాది రెండు దారులున్నాయి. ఉన్నంతవరకు పూర్తిగా ఇచ్చి పొట్ట దశలో చేతులెత్తేయడం ఒకటి. ఈసారి ఇంతే ఇస్తాం అని నారు పోయకముందే చెప్పి, ఆ ఇంత మాత్రం తప్పకుండా ఇవ్వడం రెండోది. టీఎంసీల లెక్కలో రెంటికీ తేడా కనపడకపోవచ్చు, చేలో మాత్రం తేడా మొత్తం పెట్టుబడంత. సగం నీరే వస్తుందని జూన్‌లో తెలిస్తే కంది, మినుము, ఆముదం లాంటి ఆరుతడి పంటలకు మళ్లుతాం. అక్టోబరులో తెలిస్తే ఎండిన వరిలోకి గొడ్లను తోలుకుంటాం. అదీ మొదట చివరి భూముల్లోనే.

అందుకే మేం రెండు ప్రభుత్వాలనూ, బోర్డునూ అడుగుతున్నాం. ముసాయిదా రూల్ కర్వ్‌లను, వాటికి వాడిన ప్రవాహాల లెక్కలను, తాజా పూడిక సర్వేను తెలుగులో బయటపెట్టండి. రెండు వైపుల ఆయకట్టు రైతులతో కూర్చుని చర్చించండి. కరువు ఏడాది కోత ఎంతో, దాన్ని ప్రకటించే తేదీ ఏదో అందులోనే రాయండి. ఆ తేదీ నారు పోసే రోజుకు ముందే ఉండాలి.