సలహా చెప్పువారి పని

ఊరి సొమ్మును ఖర్చుపెట్టు అధికారము గొప్పదని యందరు నెరుగుదురు. ఆ సొమ్మును గూర్చి సలహా చెప్పుట మాత్రము చిన్న పనియని పలువురి తలంపు. అది సరికాదని మా యభిప్రాయము. ఇందుకు దృష్టాంతముగా అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున జరుగుచున్న యొక యేర్పాటును చదువరుల యెదుట నుంచుచున్నాము. ఆ రాష్ట్రమున తెలుగు కుటుంబము లనేకము కాపురముండి, ఇండ్లు కొని, పన్నులు కట్టుచున్నవి. కావున సంగతి మనకు బొత్తిగా పరాయిది కాదు.

2000వ సంవత్సరమున నచ్చట సమాజ పరిరక్షణ చట్టమను నొక శాసనము పుట్టెను. ఊరివారు ఓట్లు వేసి ఒప్పుకొన్నచోటనే యిది యమలగును. ఒప్పుకొన్న యూరిలో ఆస్తిపన్నుపై నూటికి 3కు మించకుండ అదనపు పన్ను వేయుదురు. దస్తావేజుల రిజిస్ట్రేషను రుసుము నుండి రాష్ట్రము మరికొంత చేర్చును. ఇట్లు కూడిన సొమ్ములో ఏటేట నూటికి 10 వంతులకు తగ్గకుండ తెరపి నేలలకును, అంతే పాత కట్టడములకును, అంతే కొలది రాబడిగలవారి యిండ్లకును ఖర్చుచేయవలెను, లేదా తీసి యుంచవలెను.

ఈ నిధికి 5 మందికి తగ్గకుండ, 9 మందికి మించకుండ సభ్యులు గల కమిటీ యొకటి యుండును. ప్రకృతి సంరక్షణ, చరిత్ర, పట్టణ నిర్మాణము, ఉద్యానవనములు, గృహవసతి అను శాఖలనుండి యొక్కొక్కరు అందు కూర్చుందురు. ఏటి కొక్కమారైనను వారు బహిరంగ విచారణ జరిపి ఊరివారి మాట వినవలెను. పనులకు సొమ్ము మంజూరు చేయు నధికారము కమిటీకి లేదు. అది పురజనసభదో, నగర కౌన్సిలుదో. అయితే కమిటీ సిఫారసు చేయని పనికి సభయు నీ నిధినుండి యొక్క డాలరైన నీయలేదు. సిఫారసు చేసిన మొత్తమును తగ్గింపవచ్చును, త్రోసివేయవచ్చును, హెచ్చింపరాదు. పెట్టె యొకరి యింటను, తాళపుచెవి మరియొకరి యింటను ఉంచినట్లున్నది. ఇది తెలివైన యేర్పాటని మేము తలంచుచున్నాము. ఒక్కరే రెండును పట్టుకొన్నచోట ఏమగునో మన యూళ్లలో కనని వారెవరు?

అయినను తాళపుచెవి పట్టుకొన్న వారును పొరబడవచ్చును. ఆక్టన్ అను పట్టణమున 2016వ సంవత్సరమున, కమిటీ సిఫారసుపై, ఒక క్రైస్తవ సంఘ మందిరమునకు సొమ్ము మంజూరయ్యెను. అందులో 50,000 డాలర్లకు పైబడిన మొత్తము రంగుటద్దముల కిటికీల మరమ్మతునకు. ఆ కిటికీలలో ముఖ్యమైన దానియందు యేసు ప్రభువును, ఆయన యెదుట మోకరించిన స్త్రీయు చిత్రింపబడియున్నారు. పన్ను కట్టువారు కొందరు న్యాయస్థానమున కెక్కిరి. 2018వ సంవత్సరము మార్చి నెలలో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము, మత సంఘములకు ప్రజాధన మీయరాదను రాజ్యాంగ నిబంధననుబట్టి, కిటికీల సొమ్మును నిలుపవలసినదని తీర్పు చెప్పెను. భవనముల మరమ్మతు యోచనకై యిచ్చిన మరియొక మొత్తము విషయమును మరల విచారింపుమని క్రింది న్యాయస్థానమునకు పంపెను.

ఈ వార్త మొదట తెలిసినప్పుడు మాకు కష్టమే తోచెను. పాతబడిన ప్రతి కట్టడమునకు ఊరు సాయపడునట, ప్రార్థనామందిరమునకు మాత్రము కాదట! మందిరము కాలినప్పుడు నగరపు అగ్నిమాపక దళము రాదా యని మాలో మేమే వాదించుకొంటిమి. తరువాత సంగతిని తిరుగవేసి చూచితిమి. మనము కట్టిన పన్నుతో, మనమంగీకరింపని మతముయొక్క గోపురమునకు రంగులు వేయించినచో మన మనస్సాక్షి యూరకుండునా? ఆక్టన్‌లో హిందూ కుటుంబముల వారును, యూదులును, ఏ మతమును ఒప్పనివారును అదే పన్ను కట్టుచున్నారు. నిప్పార్పుట వేరు, ఆరాధన జరుగుచోట ప్రభువు రూపమును నిలుపుట వేరు. అదిగాక, సొమ్ము పుచ్చుకొన్న సంఘము తన కట్టడముపై పరిరక్షణ నిర్బంధమును పట్టణమునకు వ్రాసి యీయవలసియుండెను. తన మందిరపు కిటికీని మార్చుకొనుటకు పట్టణపు సెలవు నడుగు సంఘము ఏమి లాభించినది? నెహెమ్యా దినములలో యెరూషలేము గోడను అనేకులు తమ తమ యిండ్ల యెదుట తామే బాగుచేసికొనిరి. అన్యరాజు తన యడవినుండి ద్వారబంధముల మ్రానుల నిచ్చెననుటయు నిజమే, దాచనేల? అయినను తీర్పు న్యాయమని మేము నమ్ముచున్నాము.

కమిటీవారిని దూషించుట మా యుద్దేశము కాదు. వారు కట్టడముయొక్క వయస్సును చూచిరి, సొమ్మిచ్చువాని మనస్సును చూడలేదు. చరిత్ర తెలిసిన సభ్యుడు గోపురమును, గృహవసతి తెలిసిన సభ్యుడు ఇల్లులేని కుటుంబమును చూచుట సహజమే. ఒకరికి కనబడినది మరియొకరికి కనబడు వరకు కూర్చుండుటయే కమిటీ పని. మా మట్టుకు, కప్పు కారుచున్న బీదవాని యిల్లును, కప్పు కారుచున్న పాత గంటస్తంభమును ఒక్కమారే యెదుటికి వచ్చినచో, ఇంటివైపే మొగ్గుదుము. గంటస్తంభము గోనెపట్టాక్రింద మరియొక యేడు ఓర్చుకొనగలదు.

మన పూర్వవిద్యార్థులలో ఆ దేశమున కాపురమున్నవారికి ఒక్క మనవి. మీ యూరిలో నీ చట్టము అమలున నున్నచో, ఏటి విచారణ యెన్నడో కనుగొని, వెళ్లి వెనుక వరుసనైనను కూర్చుండుడు. అదనపు పన్ను మీ యింటిపన్ను రశీదులోనే కనబడును. అద్దె యిండ్లలో నున్న మీ పొరుగువారికి ఆ సభ సంగతి తెలియకపోవచ్చును. వారిని గూడ వెంటబెట్టుకొని పొండు.