పన్నెండోవాడి పక్షాన

2013 నవంబరు 2న బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో రోహిత్ శర్మ ఆస్ట్రేలియాపై 209 పరుగులు బాదాడు. ఆ రాత్రి గురించి ఎవరినడిగినా చెప్పేది ఇదే. అదే మ్యాచ్‌లో సొంత రాష్ట్రం ప్రేక్షకుల ముందు ఆర్. వినయ్ కుమార్ 9 ఓవర్లలో 102 పరుగులు ఇచ్చాడు. ఆస్ట్రేలియా తరఫున ఫాక్‌నర్ కొట్టిన ప్రతి సిక్సర్‌కూ స్టాండ్లలో జనం తిట్టింది ఆస్ట్రేలియాను కాదు, దావణగెరె నుంచి వచ్చిన ఆటోడ్రైవర్ కొడుకుని. భారత్ ఆ మ్యాచ్‌నూ సిరీస్‌నూ గెలిచింది. వినయ్ మాత్రం దేశం తరఫున మళ్లీ ఆడలేదు.

మూడు నెలలకే, 2014 ఫిబ్రవరి మొదట్లో, హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో మహారాష్ట్రను ఓడించి అతని సారథ్యంలో కర్ణాటక రంజీ ట్రోఫీ గెలిచింది. 1998-99 తర్వాత మళ్లీ అప్పుడే ఆ కప్పు బెంగళూరుకు వచ్చింది. అదే సీజన్‌లో ఇరానీ కప్పు, విజయ్ హజారే ట్రోఫీ కూడా దక్కాయి. మరుసటి ఏడాది ఆ మూడింటినీ మళ్లీ గెలిచారు. 2015 ఫైనల్లో తమిళనాడుపై అతడు ఐదు వికెట్లు తీసి, సెంచరీ కూడా కొట్టాడు. 2021లో ఆట నుంచి తప్పుకునే నాటికి ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అతని వికెట్లు 504. అయినా మన అభిమానుల కబుర్లలో ఇప్పటికీ అతడు ‘ఒక్క టెస్టు ఆడినోడు, చిన్నస్వామిలో వంద ఇచ్చినోడు’.

ఈ తీర్పు అన్యాయమని నా అభిప్రాయం. ఏళ్ల తరబడి బెంగళూరులో ఉంటూ, కర్ణాటక రంజీ మ్యాచ్‌లను ఇష్టంగా చూసే తెలుగువాడిగా ఈ మాట అంటున్నాను. జాతీయ జట్టు అంచున నిలబడ్డ ఆటగాణ్ణి మనం తారగా ఎదగలేకపోయిన వాడిగా చూస్తాం. అతడు నిజానికి కష్టమైన వృత్తిలో పదిహేనేళ్లు నిలదొక్కుకున్నవాడు. పెర్త్‌లో 2012 జనవరిలో వినయ్ ఆడిన ఏకైక టెస్టులో వార్నర్ 180 కొట్టాడు. ఆ రోజు వినయ్‌కి దక్కింది ఒక్క వికెట్. ఆ ఒక్క మ్యాచ్ ఒక పక్క, 504 వికెట్లు మరో పక్క పెట్టి తూచినప్పుడు ముల్లు పెర్త్ వైపు ఎందుకు మొగ్గాలి?

వినయ్ కర్ణాటక సహచరుడు స్టువర్ట్ బిన్నీ కథ ఇంకా దారుణం. 2014 జూన్‌లో మీర్పూర్‌లో బంగ్లాదేశ్‌పై 4 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. వన్డేల్లో భారత బౌలర్ల అత్యుత్తమ గణాంకాలుగా 1993 నుంచి ఉన్న అనిల్ కుంబ్లే 12 పరుగులకు 6 వికెట్ల రికార్డు దాంతో రెండో స్థానానికి జారింది. ఆపై 2016 ఆగస్టులో ఫ్లోరిడాలో అతని ఒకే ఓవర్లో వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ ఎవిన్ లూయిస్ ఐదు సిక్సర్లు కొట్టాడు, ఆ ఓవర్‌కు 32 పరుగులు వచ్చాయి. అదే బిన్నీ చివరి అంతర్జాతీయ మ్యాచ్. ఆ రాత్రి సోషల్ మీడియాలో అతణ్ణే కాదు, ఇంట్లోవాళ్లనూ వదల్లేదు. తారలకు చెడ్డ రోజు వస్తే ‘పోనీలే, రేపు కొడతాడు’ అంటాం. అంచున ఉన్నవాడికి ఆ రేపును మనమే ఇవ్వం.

తేడా ప్రతిభలో ఉందని చెప్పేవాళ్లు కరుణ్ నాయర్ లెక్క చూడాలి. 2016 డిసెంబరులో చెన్నైలో ఇంగ్లండ్‌పై 303 నాటౌట్. భారత్ తరఫున టెస్టుల్లో ట్రిపుల్ సెంచరీ చేసినవాడు అంతకుముందు సెహ్వాగ్ ఒక్కడే. మరుసటి టెస్టు 2017 ఫిబ్రవరిలో ఉప్పల్‌లో జరిగింది. గాయం నుంచి కోలుకుని రహానే తిరిగొచ్చాడు, కరుణ్ తుది జట్టులో లేడు. రహానే అన్యాయంగా వచ్చినవాడేం కాదు, ఆ స్థానం అతనిదే. అది ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత ఆస్ట్రేలియాపై కరుణ్‌కి దక్కింది నాలుగు ఇన్నింగ్స్‌లు. 26, 0, 23, 5. మొదటి రెండూ సొంతూరు చిన్నస్వామిలోనే. అక్కడితో వేటు పడింది.

2018లో ఇంగ్లండ్ పర్యటనకు అతణ్ణి తీసుకెళ్లారు, మొదటి నుంచీ జట్టుతోనే ఉన్నాడు. చివరి టెస్టుకు ఓవల్‌లో ఆరో బ్యాట్స్‌మన్ కావలసి వచ్చింది. టోపీ అందుకున్నది అప్పుడే భారత్ నుంచి వచ్చి చేరిన మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి. తొలి ఇన్నింగ్స్‌లోనే 56 కొట్టాడు. తెలుగిళ్లలో ఆ రోజు సంబరం అంతా ఇంతా కాదు, మా ఇంట్లోనూ అంతే. డ్రెస్సింగ్ రూమ్ బాల్కనీలో కూర్చున్న కరుణ్ ఎవరికి గుర్తొచ్చాడు?

ఆ విహారి కూడా చివరికి అదే అంచుకు చేరాడు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసినా పరుగెత్తలేని కాలుతో 161 బంతులు ఎదుర్కొని, 23 పరుగులతో అజేయంగా నిలిచి, అశ్విన్‌తో కలిసి టెస్టు కాపాడాడు. అతడి 16 టెస్టుల్లో ఎక్కువ విదేశాల్లోనే. సొంతగడ్డ మీద పరుగులు సులువుగా వచ్చే పిచ్‌లు అతని వాటాకు పెద్దగా రాలేదు. 2022 జులైలో ఎడ్జ్‌బాస్టన్ తర్వాత మళ్లీ పిలుపు లేదు. 2023 జనవరి ఆఖర్లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్ ఫైనల్‌లో అవేశ్ ఖాన్ బంతికి ఎడమ చేతి ఎముక విరిగింది. కుడిచేతి వాటం విహారి, విరిగిన చేతిని కాపాడుకోవడానికి ఎడమచేతి వాటంగా నిలబడి, ఒంటి చేత్తో బ్యాటింగ్ చేశాడు. ఆంధ్ర ఆ మ్యాచ్ ఓడిపోయింది. ఆ దృశ్యాన్ని మాత్రం ఆటను ప్రేమించేవాళ్లు మర్చిపోరు. జాతీయ జట్టు తలుపు మూసుకున్నాక, సెలక్టర్లు చూస్తున్నారన్న ఆశ కూడా సన్నగిల్లాక, ఒక మనిషి తన రాష్ట్రం కోసం అలా నిలబడ్డాడు. అంచు ఆటగాడంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ మ్యాచ్‌లోనే.

కరుణ్‌కు 2022 నాటికి కర్ణాటక జట్టులోనూ చోటు పోయింది. ఫామ్ బాగాలేదు, దేవదత్ పడిక్కల్ లాంటి కుర్రాళ్లు ఎదుగుతున్నారు. రాష్ట్ర సెలక్టర్లు చేసింది తప్పని గట్టిగా అనలేను. ఆ డిసెంబరులోనే అతడు క్రికెట్‌నే ఉద్దేశించి ఇంకో అవకాశం ఇవ్వమని ట్విట్టర్‌లో వేడుకున్నాడు. విదర్భకు వెళ్లాడు, ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్‌షైర్‌కు ఆడాడు. 2024-25 విజయ్ హజారే ట్రోఫీలో 779 పరుగులు, సగటు 389.50. రంజీ ఫైనల్లో కేరళపై 86, 135. విదర్భకు కప్పు, అతనికి ఎనిమిదేళ్ల తర్వాత భారత టెస్టు జట్టులో చోటు. 2025 వేసవిలో ఇంగ్లండ్‌లో ఎనిమిది ఇన్నింగ్స్‌లలో చేసింది 205 పరుగులే. మళ్లీ వేటు. ఈసారి అవకాశం సరిగానే ఇచ్చారు, అతడు వాడుకోలేకపోయాడు. అందులో అన్యాయం లేదు. ఆ శరదృతువులోనే కర్ణాటకకు తిరిగొచ్చి శివమొగ్గలో గోవాపై 174 నాటౌట్ కొట్టాడు. ఇంగ్లండ్ నుంచి ఖాళీ చేతులతో వచ్చిన 33 ఏళ్ల మనిషికి ఆ ఇన్నింగ్స్ ఆడాల్సిన అవసరమేముంది అని ఎవరైనా అడిగితే, ఆట అతని వృత్తి కాబట్టి అన్నదే నా జవాబు.

కర్ణాటకలో ఈ వరస కొత్తది కాదు. 1982లో చిన్నస్వామిలోనే జరిగిన రంజీ సెమీఫైనల్లో ఎడమచేతి వాటం స్పిన్నర్ రఘురాం భట్ బొంబాయిపై హ్యాట్రిక్‌తో సహా ఎనిమిది వికెట్లు తీశాడు. రెండో ఇన్నింగ్స్‌లో అతణ్ణి ఎదుర్కోవడానికి సాక్షాత్తూ సునీల్ గవాస్కర్ ఎడమచేత్తో బ్యాటింగ్ చేశాడు. అంతటి బౌలర్‌కు దక్కినవి 1983లో రెండు టెస్టులు.

ఇప్పుడు డబ్బు సంగతి. అసలు విషయం అక్కడే ఉంది. రంజీ మ్యాచ్ జరిగే ఉదయం మైదానంలో తుది జట్టులో లేని కుర్రాళ్లను గమనించండి. గ్లవ్స్, తువ్వాలు, నీళ్ల సీసాలు పట్టుకుని ఓవర్ల మధ్య పరుగెత్తుతుంటారు. లంచ్ విరామంలో మిగతావాళ్లు భోజనానికి వెళ్తే, ఒకడు ప్యాడ్లు కట్టుకుని పక్క పిచ్ మీదకు వస్తాడు. కోచ్ దగ్గర్నుంచి బంతి విసురుతుంటే డ్రైవ్ ఆడుతుంటాడు. ఆ షాట్లు ఏ స్కోరుకార్డులోకీ ఎక్కవు.

బీసీసీఐ 2021లో దేశవాళీ మ్యాచ్ ఫీజులు పెంచింది. 40కి పైగా మ్యాచ్‌లు ఆడినవారికి రోజుకు 60 వేలు, 21 నుంచి 40 వరకు ఆడినవారికి 50 వేలు, అంతకన్నా తక్కువైతే 40 వేలు. రిజర్వ్ ఆటగాడికి అందులో సగం. లీగ్ దశలో ఏడు మ్యాచ్‌లు, ఒక్కోటి నాలుగు రోజులు. జట్టుతోపాటు అన్ని ఊళ్లూ తిరిగి నీళ్లు మోసిన కొత్త కుర్రాడికి ఆ ఏడు మ్యాచ్‌లకూ కలిపి వచ్చేది 5 లక్షల 60 వేలు. ఐపీఎల్‌లో 2025 నుంచి ఒక్క మ్యాచ్ తుది జట్టులో ఉంటే, వేలం సొమ్ము కాక, మ్యాచ్ ఫీజుగానే 7.5 లక్షలు. రిజర్వ్ జాబితాలో కూడా పేరు లేకపోతే ఆ కుర్రాడికి రంజీ నుంచి సున్నా. బోర్డు నుంచి వార్షిక కాంట్రాక్టు లేదు. 2020-21లో కోవిడ్ కారణంగా 87 ఏళ్లలో మొదటిసారి రంజీ రద్దయినప్పుడు వందలమందికి ఆదాయం ఆగిపోయింది. పరిహారంగా సగం ఫీజు ఇస్తామని బోర్డు ప్రకటించింది 2021 సెప్టెంబరులో.

ఒకప్పుడు ఈ బతుకుకు బ్యాంకు ఉద్యోగం దన్నుగా ఉండేది. బెంగళూరులో స్టేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు, హైదరాబాద్‌లో ఎస్‌బీహెచ్, ఆంధ్రా బ్యాంకు ఆటగాళ్లకు కొలువులిచ్చేవి. రంజీలో రాణించకపోయినా నెల జీతం వచ్చేది, పెళ్లి సంబంధం కుదిరేది. ఎస్‌బీహెచ్ 2017లో ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. ఆ దారి ఇరుకైంది, దాని స్థానంలోకి వచ్చింది ఐపీఎల్ వేలం. అది ఎంతమందిని ఎత్తుకుంటుందో అందరికీ తెలిసిందే.

2019లో కర్ణాటక ప్రీమియర్ లీగ్‌లో ఫిక్సింగ్ ఆరోపణలపై బెంగళూరు పోలీసులు ఆటగాళ్లను అరెస్టు చేశారు. మ్యాచ్ ఫిక్సింగ్ ఐపీసీ 420 సెక్షన్ కిందికి రాదంటూ 2022లో హైకోర్టు కేసు కొట్టేసింది. ఆ కేసులో ఎవరు ఏం చేశారన్నది నేను తేల్చేది కాదు. ఒకటి మాత్రం తెలుసు. పందెం ముఠాలు కోటీశ్వరుడైన తార తలుపు కన్నా, వచ్చే సీజన్ ఉంటుందో లేదో తెలియనివాడి తలుపు ముందు తడతాయి.

ఇలాంటి అభద్రతకు మందు వేరే చోట దొరికింది. అమెరికా బేస్‌బాల్‌లో మేజర్ లీగ్ కింద నాలుగు అంచెల్లో మైనర్ లీగులున్నాయి. అక్కడి కుర్రాళ్లు దశాబ్దాల పాటు చాలీచాలని జీతాలతో, ఇరుకు గదుల్లో నలుగురైదుగురు సర్దుకుని బతికారు. వాళ్లు 2022లో మేజర్ లీగ్ ఆటగాళ్ల సంఘంలో చేరారు. 2023 మార్చిలో తొలిసారిగా ఉమ్మడి ఒప్పందం కుదిరింది. పై అంచెలో కనీస వార్షిక జీతం 17,500 డాలర్ల నుంచి 35,800కు పెరిగింది. పెద్ద తారల సంఘం చిన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవడంతోనే అది సాధ్యమైంది. మన దగ్గర 2019లో ఏర్పడిన ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్ రిటైరైన ఆటగాళ్లది. ఇప్పుడు ఆడుతున్నవాళ్ల తరఫున బోర్డుతో మాట్లాడే సంఘం లేదు. మాట్లాడితే చోటు పోతుందన్న భయం అంచున ఉన్నవాడికే ఎక్కువ. కాబట్టి కోహ్లీ, రోహిత్, బుమ్రా స్థాయి వాళ్లు ముందు నిలబడితే తప్ప ఆ సంఘం పుట్టదు. పుట్టాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఖర్చు భరించలేమని బోర్డు అనడానికి వీల్లేదు. రంజీలో 38 జట్లున్నాయి. జట్టుకు 25 మంది చొప్పున 950 మందికి, మ్యాచ్ ఫీజుతో సంబంధం లేకుండా, ఏడాదికి పది లక్షల కాంట్రాక్టు ఇస్తే 95 కోట్లు అవుతుంది. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి, అంటే ఏడాదికి 9,678 కోట్లు. అందులో ఒక్క శాతం చాలు. ఆ ప్రసారాలకు అంత ధర పలికింది ప్రతి సాయంత్రం మనం టీవీ ముందు కూర్చుంటామన్న నమ్మకం మీద. కాబట్టి ఆ ఒక్క శాతం ఎవరికి చేరాలో అడిగే హక్కు అభిమానికి ఉంది. కర్ణాటక సంఘాన్నీ, ఆంధ్ర సంఘాన్నీ, హైదరాబాద్ సంఘాన్నీ నేను అడుగుతున్నది ఇదే. బోర్డు కదిలేదాకా ఆగకుండా, వచ్చే రంజీ సీజన్ జట్టు ప్రకటించే రోజునే రిజర్వ్ ఆటగాళ్లకు కూడా ఏడాది కాంట్రాక్టు పత్రం చేతికివ్వండి. తప్పించినవాడికి ఎందుకు తప్పించారో కాగితం మీద రాసివ్వండి.