భయపడవలసింది ఆకాశానికా, 44వ నంబరు రహదారికా?

2025 జూన్ 12న అహ్మదాబాదులో ఎయిరిండియా విమానం కూలి, అందులోని 242 మందిలో 241 మంది మరణించారు. ఆ మంటలను టీవీలలో రోజుల తరబడి చూపించారు. "ఇక నేను విమానం ఎక్కను, మీరే రండి" అని అమెరికాలోని బిడ్డలకు చెప్పే పెద్దలు మన వనపర్తి ఇళ్లలోనూ ఉన్నారు.

ఆ భయాన్ని నేను ఎగతాళి చేయను. మనవడిని ఎత్తుకోవాలన్న ఆశ ఒకవైపు, తలుపులు మూశాక దిగే వీలుండదన్న బెరుకు మరొకవైపు. రెండూ సహజమే. భయం శరీరానికి కావలివాడు. అయితే ఆ కావలివాణ్ణి మనం తప్పుడు వాకిట నిలబెట్టామన్నదే నా అభియోగం.

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న ప్రైవేటు బస్సు మన కొత్తకోట దగ్గరి పాలెం వద్ద కల్వర్టును ఢీకొని కాలిపోయింది. 45 మంది సజీవ దహనమయ్యారు. ఆ తరువాత మనలో ఎందరు "ఇక రాత్రి ప్రయాణం చేయను" అన్నారు? 2025 అక్టోబరులో కర్నూలు సమీపాన అదే రహదారిపై మరో బస్సు కాలింది. మరునాటి రాత్రి కూడా బస్సులు నిండుగానే నడిచాయి.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది. అంటే రోజుకు సుమారు 460 మంది. రోడ్డు మీద తిరిగేవారు ఎక్కువ గనుక ఆ సంఖ్య పెద్దదని మీరు అనవచ్చు. ప్రయాణించిన దూరంతో లెక్కించి చూసినా విమానమే ఎంతో సురక్షితం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రోజూ చూసే రోడ్డు మనకు ఇంటి దొంగ అయింది.

"కారైతే మన చేతిలో ఉంటుంది కదా!" అన్నది తరచూ వినిపించే వాదన. ఎవరి చేతిలో? మీరు వెనుక సీటులో, బెల్టు లేకుండా, కునికిపాట్లు పడుతుంటారు. విమానం నడిపేవారికి పనిగంటల పరిమితి ఉంది, విశ్రాంతి తప్పనిసరి, మద్యం తాగలేదని శ్వాస పరీక్ష ఉంది. మోటారు రవాణా కార్మికులచేత రోజుకు 8 గంటలకు మించి పని చేయించరాదని 1961లోనే చట్టం వచ్చింది. అద్దెకారు డ్రైవరును ఆ లెక్క అడిగేవారెవరు? పగలంతా బండి నడిపినవాడినే అర్ధరాత్రి శంషాబాదుకు పిలుస్తాము. రాత్రి రెండింటికీ అయిదింటికీ నడుమ మనిషి మెదడు నిద్రను అడ్డుకోలేదు. అది డ్రైవరు దోషం కాదు, శరీర ధర్మం. తెలిసీ ఆ వేళకు బండి కట్టించేవారిదే దోషం.

విమానంలో అసలు ప్రమాదం లేదని నేను అనడం లేదు. అయితే అది మీరు ఊహించుకునే ప్రమాదం కాదు. నాలుగు గంటలకు మించి కదలక కూర్చుంటే కాలి సిరలలో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. ఆ మాట బస్సుకూ రైలుకూ కూడా వర్తిస్తుంది. ఆరోగ్యవంతులకు ఈ ముప్పు స్వల్పమే, సుమారు 6,000 మందిలో ఒకరికి. గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి, మడమలు ఆడించండి, నీరు తాగండి, నిద్రమాత్రలు వేసుకోకండి. విమానం లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండపైని గాలిలా పలుచగా ఉంటుంది. కనుక ఇటీవల గుండెపోటు వచ్చినవారు, ఆపరేషను అయినవారు, రక్తహీనత తీవ్రంగా ఉన్నవారు, నాలుగడుగులకే ఆయాసపడేవారు వైద్యుణ్ణి అడగనిదే టికెట్టు కొనరాదు. మందులు, ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి.

బిడ్డలకు నా విన్నపం ఒక్కటే. లక్షలు పోసి టికెట్టు కొన్న మీరు, అర్ధరాత్రి దిగిన తల్లిదండ్రులను ఆ రాత్రే వనపర్తికి తరలించకండి. హైదరాబాదులో తెల్లవారనివ్వండి. పగటిపూట, నిద్రపోయి లేచిన డ్రైవరుతో, వెనుక సీటులోనూ బెల్టు పెట్టించి పంపండి. పెద్దలారా, మీరు విమానం నిస్సంకోచంగా ఎక్కండి. కారు ఎక్కేముందు మాత్రం డ్రైవరును ఒక్క మాట అడగండి: "నాయనా, నిద్రపోయావా?"